బోటులో ఫిష్ ఫైండర్ వైరింగు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే 61 రోజుల వేట నిషేధం ముగిసి బోట్లు మళ్లీ నీటిలోకి దిగగానే మాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంజన్ల గురించే ఉంటాయి. ఈసారి మాత్రం నీటి లోతును, చేపల గుంపులను తెర మీద చూపే ఫిష్ ఫైండర్ల గురించి, అందులోనూ తెగిన వైర్ల గురించి ఎక్కువగా అడిగారు. వాటిలో పదిమందికి పనికివచ్చే నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మాది మచిలీపట్నం దగ్గర గిలకలదిండి. నిషేధ కాలంలో మా ఫైబర్ బోటు గట్టునే ఉండగా ఎలుకలు ఫిష్ ఫైండర్ కరెంటు వైరును కొరికేశాయి. తెలిసిన కుర్రవాడు తెగినచోట తీగలు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టాడు. రేవులో సెట్టు వెలుగుతోంది కానీ సముద్రంలోకి వెళ్లాక ఉన్నట్టుండి ఆరిపోతోంది, కాసేపటికి తానే వెలుగుతోంది. సెట్టు ప్లగ్గు విప్పి, వైరు చివర మల్టీమీటరు పెడితే 12.4 వోల్టులు చూపిస్తోంది. వోల్టేజీ సరిగ్గా ఉన్నప్పుడు లోపం సెట్టులోపలి బోర్డుదేనని, కొత్తది కొనుక్కోమని దుకాణంవారు అంటున్నారు. కొనక తప్పదా?

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఇప్పుడే కొత్త సెట్టు కొనవలసిన అవసరం కనిపించడం లేదు. దుకాణంవారు ఆధారం చేసుకున్న 12.4 వోల్టుల కొలతే ఇక్కడ తప్పుదారి పట్టిస్తోంది. మల్టీమీటరు తాను కొలిచే వైరు నుంచి దాదాపు ఏమీ కరెంటు లాగదు. అందువల్ల వందపోగుల తీగలో రెండు పోగులే అంటుకుని ఉన్నా, ఆ రెండింటి మీద చిలుము పట్టి ఉన్నా, సెట్టు తగిలించనంతవరకు మీటరు మీద బ్యాటరీ వోల్టేజీ యథాతథంగా కనిపిస్తుంది. సెట్టు తగిలించి కరెంటు పారడం మొదలయ్యాకే ఆ బలహీనమైన జాయింటు తన వాటా వోల్టేజీని మింగుతుంది. ఉదాహరణకు, జాయింటు దగ్గర నిరోధం 1.5 ఓములు ఉండి, సెట్టు 2 ఆంపియర్లు లాగుతుంటే అక్కడే 3 వోల్టులు పోతాయి; 12.4లో సెట్టుకు చేరేది 9.4 మాత్రమే. చాలా కంపెనీల సెట్లు పది, పదిన్నర వోల్టులకు దిగువన ఆగిపోయేలా తయారై ఉంటాయి. పైగా ఈ సెట్లలో చాలావాటికి వోల్టేజీ తగ్గేకొద్దీ అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగే స్వభావం ఉంది కాబట్టి, జాయింటు కొంచెం వేడెక్కినా, అలల కుదుపుకు కొంచెం కదిలినా పడిపోవడం ఒక్కసారిగా జరుగుతుంది. రేవులో నిశ్చలంగా ఉన్నప్పుడు పనిచేసి, సముద్రంలో ఆరిపోవడానికి కారణం ఇదే అయివుంటుంది.

దీన్ని నిర్ధారించుకోవడానికి సెట్టుతో పనిలేదు. మోటారు సైకిళ్లకు, ఆటోలకు వాడే 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటరు బల్బు ఒకటి తెచ్చి, సెట్టు ప్లగ్గుకు వెళ్లే రెండు తీగల చివరలకు తగిలించండి. అది సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది, అంటే వైరు మీద మీ సెట్టుకు దీటైన లోడే. బల్బు వెలుగుతుండగా దాని రెండు కొనల మధ్య వోల్టేజీ ఒకసారి, బ్యాటరీ రెండు పోల్సు మధ్య మరొకసారి కొలిచి చూడండి. ఈ రెంటికీ తేడా మూడో వంతు వోల్టు లోపు ఉంటే వైరు బాగున్నట్టే. అంతకు మించితే, మీటరు ఒక పిన్ను బ్యాటరీ పాజిటివ్ పోల్ మీద, రెండోది జాయింటుకు అవతల ఎర్ర తీగ మీద ఉంచితే ఎర్ర తీగలో పోతున్న వోల్టేజీ నేరుగా తెలుస్తుంది. నెగెటివ్ పోల్ నుంచి నల్ల తీగకు కూడా అలాగే చూడాలి. ఎర్ర తీగను శ్రద్ధగా బాగుచేసి నల్ల తీగను పట్టించుకోకపోవడం మన రేవుల్లో బాగా కనిపిస్తుంది. కరెంటు రెండింటిలోనూ అంతే పారుతుంది కాబట్టి లోపం ఎందులో ఉన్నా ఫలితం ఒకటే. కొలిచేటప్పుడు జాయింటును చేత్తో అటూ ఇటూ కదిలించండి. అంకెలు ఊగితే లోపం దొరికినట్టే.

ఇక బాగుచేయడం సంగతి. మొదట బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పి, ఆ తరువాత పాజిటివ్ విప్పండి. తిరిగి బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ చివర. ఈ వరుస పాటిస్తే స్పానరు పొరపాటున ఇనుముకు తగిలినా మెరుపు రాదు. ఛార్జి అవుతున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది, పక్కనే ఇంధనం ట్యాంకు కూడా ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త అలంకారప్రాయం కాదు.

తరువాత టేపు ఊడదీసి, మెలిపెట్టిన చోటును పూర్తిగా కత్తిరించి పారేయండి. అక్కడి నుంచి తీగ తోలు వెనక్కి వలుస్తూ రాగి రంగు చూడండి. నల్లగానో పచ్చగానో ఉన్న రాగి మీద ఏ జాయింటూ నిలవదు. ఉప్పునీరు తెగిన చోటే ఆగిపోదు. పోగుల మధ్య సందుల గుండా తోలు లోపలే పాకుతూ వెళుతుంది. అందువల్ల మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కత్తిరిస్తూ పోవాలి. ఒక్కోసారి అడుగు దూరం పోతే సరిపోతుంది. మూడు అడుగులు పోయినా నల్లగానే ఉంటే బ్యాటరీ నుంచి సెట్టు దాకా కొత్త వైరు లాగడమే చౌక. ఎలుకలు ఒకచోటే కొరికాయన్న నమ్మకంతో ఉండకండి, మొత్తం పొడవునా వేళ్లతో తడిమి చూడండి.

కొత్త వైరు కొనేటప్పుడు ఇళ్లకు వాడే ఒంటి తీగ వైరు వద్దు. ఇంజను అదురుకు ఒంటి తీగ కొంతకాలానికి పుటుక్కున విరుగుతుంది. సన్నని పోగులు ఎక్కువగా ఉన్న వైరు, దొరికితే ప్రతి పోగుకూ తగరం పూత ఉన్నది తీసుకోండి. ధర ఎక్కువైనా ఉప్పుగాలికి అదే ఓర్చుకుంటుంది. మందం విషయంలో పిసినారితనం పనికిరాదు. బ్యాటరీ నుంచి సెట్టుకు 5 మీటర్ల దూరం ఉంటే కరెంటు పోయి రావడానికి 10 మీటర్ల తీగ. 2 ఆంపియర్లకు 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరులో దాదాపు అర వోల్టు పోతుంది, 1.5 వైరులో పావు వోల్టు పైచిలుకు పోతుంది, 2.5 వైరులో అది 0.16కు దిగుతుంది. మీ బోటుకు 1.5 చాలు, 2.5 వేస్తే నిశ్చింత.

జాయింటు తప్పనిసరి అయితే ఎర్ర తీగను ఒకచోట, నల్ల తీగను దానికి నాలుగు అంగుళాల అవతల అతకండి. రెండు జాయింట్లు పక్కపక్కనే లేకపోతే, పై తొడుగు ఎప్పుడైనా చిరిగినా ఒకదానికొకటి తగిలి షార్టు కావు. అతకడానికి రాగి గొట్టం ఉన్న క్రింపింగ్ కనెక్టర్లు వాడండి, వైరు మందానికి సరిపడే సైజువే కావాలి. వాటిని కటింగ్ ప్లేయరుతో నొక్కకుండా క్రింపింగ్ టూలుతోనే నొక్కించండి. నొక్కాక రెండు చేతులతో గట్టిగా లాగి చూడండి. ఊడేదైతే ఇప్పుడే ఊడడం మంచిది. ఆ పైన లోపల జిగురు పూత ఉన్న హీట్ ష్రింక్ స్లీవు వేసి వేడిచేస్తే, స్లీవు ముడుచుకుని రెండు చివరలా జిగురు కొద్దిగా బయటకు ఉబుకుతుంది. ఆ జిగురు కనిపించినప్పుడే నీరు చొరబడదని అర్థం. జిగురు లేని మామూలు స్లీవు టేపు కంటే కొంచెమే నయం. స్లీవును తీగకు ముందే తొడిగి ఉంచుకోవాలి. అతికాక గుర్తుకు వస్తే చేసిన జాయింటు మళ్లీ కోయవలసిందే. వేడికి హాట్ ఎయిర్ గన్ మేలు, అగ్గిపుల్లతోనో లైటరుతోనో కాలిస్తే స్లీవు ఒకవైపు మాడి మరోవైపు వదులుగా ఉండిపోతుంది. రెండు జాయింట్లనూ కలిపి పైన మరొక పెద్ద స్లీవు వేయడం ఇంకా మంచిది.

టంకం పెట్టించవచ్చా అన్నది చాలామందికి వచ్చే సందేహం. టంకం విద్యుత్తును బాగానే ప్రసరింపజేస్తుంది, అయితే అది పోగుల మధ్యకు పాకి ఆ మేర తీగను కడ్డీలా బిరుసు చేస్తుంది. బిరుసు భాగం ముగిసి మెత్తని భాగం మొదలయ్యే చోట ఇంజను అదురంతా పడి, అక్కడే తీగ విరుగుతుంది. పడవల విద్యుత్ ప్రమాణాలు రూపొందించే అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ వారు కూడా జాయింటును పట్టి ఉంచే పని టంకం ఒక్కదానికే వదలరాదని నిర్దేశించారు. కరెంటు వైరుకు క్రింపింగే మా సలహా. ఒక హెచ్చరిక మాత్రం అవసరం: జాయింటు మీద సిలికాన్ సీలెంటు పూయడం ఈ మధ్య అలవాటుగా మారింది. పుల్లగా వెనిగరు వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, అది రాగిని తినేస్తుంది. రక్షణ అనుకుని పూసినదే జాయింటును లోపలి నుంచి పాడుచేస్తుంది.

అతికాక వైరును బోటు అడుగున నీరు నిలిచే చోటికి దూరంగా, వీలైనంత పైన పోనివ్వండి. అడుగున్నరకు ఒక క్లిప్పు చొప్పున బిగించండి. పలకలోని రంధ్రం గుండా వెళ్లేచోట రబ్బరు గ్రామెట్ వేయండి, సైలెన్సరుకు దగ్గరగా పోనివ్వవద్దు. సెట్టు వెనక్కి చేరే ముందు వైరును కొంచెం కిందికి వేలాడేలా వదిలి పైకి తిప్పితే, దాని వెంట జారే నీరు ప్లగ్గులోకి పోకుండా అడుగునుంచే కారిపోతుంది. ఫ్యూజు సెట్టు వెనక కాకుండా బ్యాటరీ పాజిటివ్ పోల్‌కు జానెడు దూరంలోపు ఉండాలి. ఫ్యూజు కాపాడేది ముఖ్యంగా వైరును. వైరు మధ్యలో ఎక్కడ షార్టయినా ఫ్యూజు దానికి ముందు ఉంటేనే అది తెగుతుంది. విలువ సెట్టు పుస్తకంలో చెప్పినదే వేయండి. 3 ఆంపియర్లని ఉన్నచోట 15 వేస్తే అది ఫ్యూజు వేయనట్టే.

అన్నీ బిగించాక బల్బు పరీక్ష మళ్లీ చేయండి. ఇంజను నడిపి చూస్తే బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల వరకు కనిపించాలి. 15 దాటితే ఆల్టర్నేటరు రెగ్యులేటరులో లోపం ఉన్నట్టు. ముందు అది బాగుచేయించాకే సెట్టు తగిలించండి. సెల్ఫ్ కొట్టిన క్షణంలో మాత్రమే సెట్టు ఆరి వెలుగుతుంటే అది జాయింటు లోపం కాకపోవచ్చు. సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ పదికి దిగువకు పడుతుంది. ఇంజను స్టార్టయ్యాకే సెట్టు వేసుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో మాకు చెక్క మరబోటు ఉంది. వడ్రంగి మేకు దిగడంతో ట్రాన్స్‌డ్యూసర్ (బోటు అడుగున ఉండి ధ్వనిని పంపి, అందుకునే భాగం) కేబుల్ వీల్‌హౌస్ కింద తెగింది. ఎలక్ట్రీషియన్ లోపలి తీగలన్నీ కలిపి అతికించాడు. అప్పటి నుంచి తెరంతా వాన పడుతున్నట్టు గీతలు, 40 మీటర్ల నీటిలో 2, 3 మీటర్లని చూపిస్తోంది, నీటి ఉష్ణోగ్రత గళ్లు ఖాళీగా ఉన్నాయి. కొత్త ట్రాన్స్‌డ్యూసర్ వేయాలంటే బోటును గట్టు ఎక్కించాలి. వచ్చే నిషేధ కాలం దాకా నెట్టుకురావడానికి దారి ఉందా?

జవాబు: పై ప్రశ్నకు చెప్పిన పద్ధతి ఈ కేబుల్‌కు వర్తించదని ముందుగా చెప్పాలి. కరెంటు వైరు పని సెట్టుకు విద్యుత్తు అందించడమే. ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్ మాత్రం అటు ఒక బలమైన పల్సును పంపి, ఇటు ఎంతో బలహీనమైన ప్రతిధ్వనిని తేవాలి. సెట్టు వందల వోల్టుల పల్సును ట్రాన్స్‌డ్యూసర్‌లోని పింగాణీ బిళ్లకు పంపుతుంది. ఆ బిళ్ల అదిరి ధ్వనిని నీటిలోకి వదులుతుంది. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది కాబట్టి 30 మీటర్ల లోతులో అడుగు తాకి తిరిగి రావడానికి 0.04 సెకను పడుతుంది. తిరిగివచ్చిన ధ్వని అదే బిళ్లను తడితే పుట్టే విద్యుత్తు వోల్టులో అతి చిన్న భాగం. ఆ అల్పమైన సంకేతాన్ని బయటి కరెంటు అలజడి నుంచి కాపాడడానికే కేబుల్‌లో తీగల చుట్టూ రాగి అల్లిక ఉంటుంది. మీ ఎలక్ట్రీషియన్ ఆ అల్లికను మామూలు తీగగా భావించి మిగతావాటితో కలిపి ఉంటే, లేదా అతకకుండా వదిలేసి ఉంటే, మీరు చూస్తున్న వాన గీతలు రావడంలో వింత లేదు. తీగలు తారుమారైతే ఉష్ణోగ్రత కనిపించకపోవడం, అడుగుకు బదులు తన పల్సు ప్రతిఫలనాన్నే 2, 3 మీటర్ల లోతుగా చూపడం కూడా జరుగుతాయి.

ఇలాంటి కేబుల్‌ను కోయవద్దని, కురచ చేయవద్దని, అతకవద్దని తయారీదారులు రాసేది ఇందుకే. ఎక్కువైన కేబుల్‌ను కూడా కోయకుండా ఎనిమిది అంకె ఆకారంలో మడిచి కట్టి ఉంచాలి. అయితే మీకు ఇప్పటికే తెగింది, ట్రాన్స్‌డ్యూసర్‌తో కేబుల్ విడదీయరాకుండా పోతపోసి ఉంటుంది, మధ్యలో బోటును ఎక్కించడం పెద్ద ఖర్చు. కాబట్టి తాత్కాలికంగా చేయదగినది ఉంది. దీనిని శాశ్వతమైన మరమ్మతుగా భావించకండి.

సెట్టు ఆపి, బ్యాటరీ నుంచి విడదీసి, ట్రాన్స్‌డ్యూసర్ ప్లగ్గును సెట్టు నుంచి ఊడదీయాలి. సెట్టు నడుస్తుండగా ఈ తీగలను వేళ్లతో తాకితే వందల వోల్టుల దెబ్బ తగులుతుంది, సెట్టు ఔట్‌పుట్ కూడా దెబ్బతినవచ్చు. తరువాత పాత జాయింటు విప్పి, ట్రాన్స్‌డ్యూసర్ వైపున్న తీగలను మల్టీమీటరుతో చూడండి. బిళ్లకు వెళ్లే జంట తీగలకు, చుట్టూ ఉన్న రాగి అల్లికకు మధ్య ఏ సంబంధమూ చూపకూడదు. చూపితే ఎక్కడో షార్టు ఉంది, లేదా కేబుల్‌లోకి నీరు చేరింది. బిళ్ల తీగలు రెండింటి మధ్య సాధారణంగా చాలా ఎక్కువ నిరోధం కనిపించాలి. కొన్ని మోడళ్లలో లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండడం వల్ల తక్కువ చూపడం సహజమే కాబట్టి ఆ ఒక్క అంకెతో తీర్పు చెప్పకండి. అదే మోడలు ఉన్న మరొక బోటులో కొలిచి పోల్చుకోవడం అన్నింటికన్నా నమ్మకమైన దారి. ఉష్ణోగ్రత తీగల మధ్య చాలా రకాల్లో 25 డిగ్రీల దగ్గర 10,000 ఓములు ఉంటుంది, నీరు వేడెక్కే కొద్దీ తగ్గుతుంది.

ఈ కొలతలు బాగుంటే అతకడానికి ముందే ఒక పరీక్ష చేయండి. తెలిసినవారి దగ్గర అదే సెట్టుకు సరిపడే ట్రాన్స్‌డ్యూసర్ తెచ్చి సెట్టుకు తగిలించి, వెదురు బొంగుకు కట్టి రేవులో బోటు పక్కన నీటిలోకి దించండి. అడుగు స్పష్టంగా కనిపిస్తే సెట్టు బాగున్నట్టు. అప్పుడు మిగిలిన అనుమానం కేబుల్ మీదనే. ఈ పరీక్షలో ట్రాన్స్‌డ్యూసర్‌ను నీటి బయట ఎక్కువసేపు నడపకండి. నీటిలో ఉంటేనే అది పుట్టించే వేడి బయటకు పోతుంది.

అతికే చోటు పొడిగా, అడుగు నీటికి అందనంత పైన ఉండాలి. మూత బిగుతుగా పట్టే లోహపు జంక్షన్ పెట్టెలో, రెండు వైపులా కేబుల్ జారకుండా గ్లాండుతో బిగించి, రంగుకు రంగు చొప్పున ప్రతి తీగనూ విడిగా కలపాలి. జంట తీగల మెలికను అవసరమైనదాని కంటే ఒక్క అంగుళం కూడా విప్పవద్దు. ఈ తీగలు సన్ననివి, వాటిపై అదురు పడకుండా గ్లాండు పట్టి ఉంచుతుంది కనుక ఇక్కడ టంకం పెట్టడానికి అభ్యంతరం లేదు. ప్రతి జాయింటుకూ చిన్న స్లీవు వేయండి. రాగి అల్లికను ఆ వైపు నుంచి ఈ వైపుకు తెగకుండా కలపాలి. దాన్ని బోటు ఇనుముకో బ్యాటరీ నెగెటివ్‌కో కొత్తగా తగిలించకండి. అది ఎక్కడ ఎర్తు కావాలో సెట్టు తయారీదారు ముందే నిర్ణయించి ఉంటాడు.

ఇంత చేసినా పాత పనితీరు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. తక్కువ లోతులో వాడే 200 కిలోహెర్ట్జ్‌లో అడుగు బాగా కనిపించి, లోతు నీటికి వాడే 50 కిలోహెర్ట్జ్‌లో బలహీనంగా ఉండడం, లేదా తెర మీద కొంత చిందరవందర మిగలడం సంభవమే. వలలు వేసే లోతుల్లో అడుగు నిలకడగా కనిపిస్తే నిషేధ కాలం దాకా దానితో నెట్టుకురావచ్చు. కేబుల్ అడుగు నీటిలో చాలా రోజులు తెగి పడి ఉంటే మాత్రం అతకడం వృథా. అల్లిక వెంట ఉప్పునీరు ట్రాన్స్‌డ్యూసర్ దాకా పోయి ఉంటుంది. అలాగే కేబుల్ తెగినది బోటు అడుగును దాటి వచ్చే గొట్టం పక్కనే అయితే అక్కడ ఏదీ కదిలించకండి. బోటు గట్టు ఎక్కాకే ఆ పని.

అనుభవజ్ఞులు కూడా మోసపోయే విషయం ఇంకొకటుంది. ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్ తెగి ఉన్నప్పుడు కొన్ని సెట్లు స్విచ్చి వేయగానే వాటంతట అవే డెమో పద్ధతిలోకి వెళ్లి, లోపల దాచి ఉంచిన బొమ్మను చూపిస్తాయి. అందులో చేపల గుంపులు, అందమైన అడుగు అన్నీ ఉంటాయి. రేవు ఒడ్డున 80 మీటర్ల లోతూ చేపల గుంపులూ కనిపిస్తే సంతోషించే ముందు తెర మూలల్లో డెమో లేదా సిమ్యులేటర్ అన్న మాట ఉందేమో చూడండి.

ప్రశ్న: ఉప్పాడ నుంచి రాస్తున్నాము. వైరింగంతా కొత్తగా వేయించాము. ఇంజను ఆపి ఉన్నప్పుడు తెర శుభ్రంగా ఉంటుంది, నడుస్తుంటే చుక్కలు, అడ్డగీతలు వస్తున్నాయి. కొత్త వైరింగులోనే తప్పు జరిగిందా?

జవాబు: తప్పు జరిగిందో లేదో కంటితో చూసి చెప్పలేము, ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. రేవులో బోటును కట్టి ఉంచి, ఇంజను నడుపుతూ గేరు వేయకుండా చూడండి. చుక్కలు వస్తే అది విద్యుత్ అలజడి. బోటు కదలనప్పుడు కూడా ఉంది కదా. కట్టి ఉన్నప్పుడు శుభ్రంగా ఉండి, వేగం పెరిగే కొద్దీ తెర పైభాగంలో మబ్బులా పెరుగుతుంటే అది ట్రాన్స్‌డ్యూసర్ కింద పోతున్న గాలి బుడగల వల్ల. దానికి వైరింగుతో సంబంధం లేదు, ట్రాన్స్‌డ్యూసర్ బిగించిన చోటు మార్చాలి.

విద్యుత్ అలజడి అయితే ఇంజను నడుస్తుండగా ఎల్‌ఈడీ దీపాలు, ఇన్వర్టరు, నీటి పంపు, వైర్‌లెస్ సెట్టు ఒక్కొక్కటే ఆపుతూ తెర చూడండి. ఏది ఆపితే తెర శుభ్రమవుతుందో దోషి అదే. చౌక ఎల్‌ఈడీ దీపాల్లోని సర్క్యూట్లు, ఫోను ఛార్జింగు ఇన్వర్టర్లు ఈ విషయంలో ముందుంటాయి. ఏది ఆపినా మారకపోతే మిగిలింది ఆల్టర్నేటరు. సెట్టుకు కరెంటు దీపాల స్విచ్చి బోర్డు నుంచి వస్తుంటే దాన్ని విడదీసి, ఫ్యూజుతో సహా నేరుగా బ్యాటరీకి కలపండి. సగం కేసుల్లో ఇంతటితోనే సరిపోతుంది. ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్‌ను ఇంజను వైర్లతో కలిపి ఒకే కట్టగా కట్టి ఉంటే విప్పి అడుగు దూరం జరపండి. దాటక తప్పని చోట సమాంతరంగా కాకుండా అడ్డంగా దాటించండి. ఇంకా మిగిలితే, సెట్టుకు మాత్రమే ఒక చిన్న బ్యాటరీ విడిగా పెట్టి ఒక రోజు చూడండి. అప్పుడు శుభ్రంగా ఉంటే అలజడి కరెంటు వైరు ద్వారా వస్తోందని, లేకుంటే ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్ ద్వారా వస్తోందని తేలుతుంది. సెట్టులోని నాయిస్ ఫిల్టరును పెంచి గీతలను మాయం చేయడం మేము ఇష్టపడము. గీతలతోపాటు చిన్న చేపల గుర్తులు కూడా మాయమవుతాయి.

ప్రశ్న: నిజాంపట్నంలో మెకానిక్ మా సెట్టు వైరు బాగుచేసి, ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేశాడు. ఇప్పుడు లోతు తప్పు చూపిస్తోంది. ఇన్‌కాయిస్ వారి సమాచారంలో 45 మీటర్లు ఉన్న చోట మా తెర మీద 24, 25 అని వస్తోంది. వైరు సరిగా అతకలేదా?

జవాబు: వైరు బాగానే ఉంది. వైరు లోపం ఉంటే అంకె గెంతుతుంది లేదా పోతుంది, ఇలా నిలకడగా ఒకే నిష్పత్తిలో తగ్గదు. రీసెట్ వల్ల సెట్టు మీటర్ల నుంచి ఫాదమ్‌లకు, అంటే మన బారలకు, మారింది. ఒక బార 6 అడుగులు, 1.83 మీటర్లు. 45 మీటర్లంటే 24.6 బారలు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే ప్రాంతాల సూచనల్లో లోతును మీటర్లలో ఇస్తుంది కాబట్టి మెనూలో యూనిట్లను మీటర్లకు మార్చుకుంటే లెక్కలు కలుస్తాయి. రీసెట్‌తో ట్రాన్స్‌డ్యూసర్ ఉన్న లోతు సవరణ కూడా సున్నా అయి ఉంటుంది. నీటిమట్టం నుంచి ట్రాన్స్‌డ్యూసర్ ఎంత కిందుందో కొలిచి ఆ అంకెను మళ్లీ ఎక్కించండి. ట్రాన్స్‌డ్యూసర్ రకాన్ని, ఫ్రీక్వెన్సీని కూడా పుస్తకంలో ఉన్నట్టుగా తిరిగి ఎంచుకోవాలి. ఆ పైన రేవు ముఖద్వారం దగ్గర, బోటు నిలకడగా ఉన్నప్పుడు సీసపు గుండు కట్టిన తాడు వేసి లోతు కొలవండి. తెర మీది అంకెకు దానికి అర మీటరుకు మించి తేడా ఉంటే సవరణ అంకెను మరోసారి సరిచూడండి.